కోరలు పెట్టుకుని మాట్లాడాలంటే

పళ్ల లాబ్‌లో కొత్తగా చేరే పిల్లలందరికీ ముందు పన్ను చెక్కడం నేర్చుకోవాలని ఉంటుంది. మైనం ముద్దలోంచి ఒక ముందు పన్ను ఆకారం తేగలిగితే ముఖాలు వెలిగిపోతాయి. అది మెల్లగా వచ్చినా ఫరవాలేదు. ముందు వినడం రావాలి. నోట్లోకి వెళ్లే వస్తువు చేసేవాడు ఆ నోట్లోంచి వచ్చే మాట వినకపోతే అతను చేసేది బొమ్మలే. నాకు ఈ సంగతి సరిగ్గా తెలిసింది కట్టుడు పళ్లు చేస్తూ కాదు, రక్తపిశాచి వేషానికి కోరలు చేస్తూ.

నేను కాకినాడలో పని నేర్చుకున్నాను. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ అందరూ కలిసి ఓట్లు వేసిన తొలి ఎన్నికలు అయిన కొద్దికాలానికి డర్బన్ వచ్చి ఒక పళ్ల లాబ్‌లో చేరాను. అక్కడే రిటైరయ్యాను. జీతాలు, రిజిస్ట్రేషన్లు, ప్రమోషన్ల సంగతి మీకు ఎవరైనా చెబుతారు. నేను కోరల సంగతి చెబుతాను. అవి చేయించుకున్న మనుషుల సంగతి కూడా.

మూడ్లీ గారి పరీక్ష

లాబ్ యజమాని మూడ్లీ గారు. వాళ్ల తాతముత్తాతలు తమిళులు, చెరకు తోటల్లోకి కూలికి వచ్చినవాళ్లు. ఆయనకు తమిళం రాదు, నాకు ఆయన ఇంగ్లీషు మొదట్లో సగమే అర్థమయ్యేది. మనిషి కఠినుడు. పని బాగుంటే ఏమీ అనేవారు కాదు, బాగాలేకపోతే అది తీసి చెత్తబుట్టలో వేసి మళ్లీ చేయమనేవారు. బాసుల్లో ఈ రకం నాకు ఇష్టం. నవ్వుతూ భుజం తట్టే బాసుల దగ్గర నేనేమీ నేర్చుకోలేదు.

కొత్త పళ్ల సెట్టు పెట్టగానే ఎవరైనా అద్దం అడుగుతారు. మూడ్లీ గారు ఇవ్వనిచ్చేవారు కాదు. "అద్దం తర్వాత. ముందు మాట్లాడించు," అనేవారు. ఇంగ్లీషులో 'సిక్స్‌టీ సిక్స్' అనమనేవారు. పై పళ్లు మందంగా ఉంటే స-కారం ఈలలా వస్తుంది, లేదా నాలుక తడబడుతుంది. తర్వాత 'ఫిఫ్టీ ఫైవ్'. పళ్లు పొడుగైతే కింది పెదవి వాటికి తగిలి మాట నలుగుతుంది. ఈ రెండూ శుభ్రంగా పలికిన తర్వాతే అద్దం. ఆ పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. కంప్యూటర్‌తో పళ్లు కోసే మీకైనా సరే.

డెరెక్ అడిగిన పొడవు

నేను చేరిన మరుసటి ఏడాది డెరెక్ అనే ఆయన వచ్చాడు. వీడియో క్యాసెట్ల కోసం చవకగా భయానక సినిమాలు తీసేవాడు. మంచు కమ్మే కొండల్లో ఒక పాత ఫార్మ్‌హౌస్ అద్దెకు తీసుకుని షూటింగ్ మొదలుపెట్టాడు. ఇద్దరు నటీమణులకు కోరలు కావాలన్నాడు.

"ఎంత పొడవు?" అన్నాను.

"నువ్వు ఎంత చేయగలిగితే అంత."

నేను అప్పటికి కుర్రతనం పూర్తిగా వదలనివాణ్ణి. నా చేతి పనితనం చూపించడానికి అవకాశం దొరికిందనుకున్నాను. అంగిలి మొత్తం కప్పేలా మందమైన పలక పోసి, దానికి వేలి కణుపంత కోరలు దించాను. చూడటానికి భలేగా ఉన్నాయి. షూటింగ్‌లో ఒక కోర విరిగితే అతికించడానికి నన్ను ఫార్మ్‌హౌస్‌కి తీసుకెళ్లారు. అక్కడ ఆ నటి వాటిని పెట్టుకుని నోరు మూయలేక, చొంగ తుడుచుకుంటూ కూర్చుని ఉంది. ఏదో చెప్పబోయింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను కంగారుపడి డెరెక్‌ని చూశాను.

"ఫరవాలేదు మాన్," అన్నాడు. "ఆమెకి డైలాగులు లేవు."

లాబ్‌కి వచ్చాక మూడ్లీ గారు అడిగారు, "సిక్స్‌టీ సిక్స్ అనిపించావా?"

"ఆమెకి మాటలు లేవండి."

"మాటలు లేని మనిషికి పళ్లెందుకు? ముసుగు చేసి ఇవ్వాల్సింది," అని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

నమూనా కోసమని డెరెక్ నాకు కొన్ని పాత క్యాసెట్లు ఇచ్చి ఉన్నాడు. పాతికేళ్ల కిందటి యూరప్ సినిమాలు. అన్నింటిలో ఇద్దరాడవాళ్లు, ఒక కోట, పల్చటి గౌన్లు. ఆ ఇద్దరూ ప్రేమించుకుంటున్నారని కథ చెబుతుంది గానీ, ఒకరినొకరు చూసుకోరు. కెమెరా వైపు చూస్తారు, అంటే డెరెక్ లాంటి వాళ్ల వైపు. ఆఖర్న ఒక పాస్టరు, ఒక డాక్టరు వచ్చి గుండెలో మేకు దిగగొడతారు. గంటన్నర సేపు ఎవరి సరదా కోసం ఆమెని తెర మీద తిప్పారో, వాళ్లే ఆఖర్న ఆమెని చంపి చేతులు కడుక్కుంటారు. డెరెక్ సినిమా కూడా అంతే. నా కోరలు మాత్రం బాగా కనిపించాయి. అందుకు నాకు పెద్దగా సంతోషం వేయలేదు.

రూత్

తర్వాత రెండేళ్లకు హెలెన్ అనే నాటకాల టీచర్ వచ్చింది. యాభై దాటిన తెల్లావిడ, జుట్టు దువ్వుకోవడం మరిచిపోయే రకం. ఆమె రాసిన నాటకంలో వందేళ్ల కిందటి ఒక చెరకు ఎస్టేటు బంగళాకి వానలో ఒక అపరిచిత వస్తుంది. యజమాని కూతురు ఈడిత్‌కి పాఠాలు చెప్పడానికి వచ్చానంటుంది. ఇద్దరి మధ్యా స్నేహం, తర్వాత ప్రేమ. ఆ వచ్చినావిడ రక్తపిశాచి.

"పాత పుస్తకాల్లో ఇలాంటి కథలు చాలా ఉన్నాయి," అని హెలెన్ నాకు రెండు మూడు ఇచ్చింది. సాయంత్రాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. నేను చూసిన సినిమాలకీ వాటికీ పోలిక లేదు. ఆ రాసినవాళ్లు పిశాచికి మంచి మాటలు ఇచ్చారు. ఇంట్లో మగవాళ్లు వాతావరణం గురించీ మందుల గురించీ మాట్లాడుతుంటే, ప్రేమ గురించి మాట్లాడేది ఆమె ఒక్కతే. అన్నీ చెప్పనిచ్చి ఆఖర్న చంపుతారు. చదివే అమ్మాయికి ఒకే పుస్తకంలో అలాంటి ప్రేమ ఉందని తెలుస్తుంది, దానికి పడే శిక్షా తెలుస్తుంది.

నిజం చెప్పాలంటే, ఇద్దరాడవాళ్ల ప్రేమ గురించి నాకప్పటికి సొంత అభిప్రాయమంటూ లేదు. అంటే అందరి అభిప్రాయమే నాదీనూ.

ఆ వేషం వేసే అమ్మాయి లాబ్‌కి వచ్చినప్పుడు చూసి ఆశ్చర్యపోయాను. మా చర్చి పాటల బృందం కాయిర్‌లో పాడే రూత్. మా సంఘంలో ఎక్కువమంది పాత తెలుగు కూలీల సంతానం. ఇంటి పేర్లు తెలుగు, మాట ఇంగ్లీషు. తల్లి చిన్నప్పుడే పోతే రూత్‌ని డర్బన్ పక్కనున్న ఫీనిక్స్‌లో వాళ్ల అవ్వ సారమ్మ పెంచింది. రూత్‌కి వరసలు, తిండి పేర్లు, తిట్లు మాత్రం తెలుగులో వచ్చు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. ఆ రోజు ఆమెని కారులో దింపిన అమ్మాయి పేరు నోమ్సా, ఇక్కడి జూలూ జాతి పిల్ల, పెద్దాసుపత్రిలో నర్సు. "నా ఫ్రెండ్," అంది రూత్. ఇద్దరూ ఒకే ఫ్లాట్‌లో ఉంటారని చర్చిలో అందరికీ తెలుసు. అంతకు మించి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

డెరెక్‌కి చేసినంత పొడవు చేయలేదు గానీ అలవాటు కొద్దీ పలక మందంగానే పోశాను. రూత్ చేత 'సిక్స్‌టీ సిక్స్' అనిపించాను. కొంచెం తడబడింది. అలవాటైపోతుందిలే అనుకున్నాను. అలవాటు కాలేదు. స్నేహితుల్ని పిలిచి ఒక మధ్యాహ్నం నాటకం ఆడి చూపించారు. అందులో ముఖ్యమైన ఘట్టంలో రూత్ ఈడిత్ చెయ్యి పట్టుకుని ఉండిపొమ్మని బతిమాలాలి. "స్టే," అనాలి. అది "ష్తే" అని వచ్చింది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

మర్నాడు రూత్, హెలెన్, నోమ్సా ముగ్గురూ లాబ్‌కి వచ్చారు. రూత్ ఆ కోరలు బల్ల మీద పెట్టింది.

"అంకుల్, వాళ్లు నవ్వింది నా పళ్లకి కాదు. ఆ మాట ఒకమ్మాయి ఇంకో అమ్మాయితో అన్నందుకు నవ్వారు. నవ్వడానికి ఒక వంక దొరికింది."

"కోరలు తీసేద్దాం," అంది హెలెన్. "అసలు కోరలే వద్దు. ఆమె మామూలు ఆడది. ఆ మగవాళ్లు చంపింది ఒక మామూలు ఆడదాన్నని జనానికి తెలియాలి."

నోమ్సా తల ఊపింది. "మా వార్డులో రక్తంలో జబ్బుందని తెలియగానే ఇంటివాళ్లు రావడం మానేస్తున్నారు. రక్తం పేరు చెప్పి మనుషుల్ని పిశాచాలు చేయడం రోజూ చూస్తున్నాను. కోరలు వద్దనే నేనూ అంటాను."

రూత్ ఒప్పుకోలేదు. "కోరలు తీసేస్తే నేను పాపం, అమాయకురాలిని అయిపోతాను. జాలిపడి ఇంటికి పోతారు. ఆమెకి ఆకలి ఉంది. ఆ పిల్ల కావాలని ఉంది. కోరలుండాలి. అవి పెట్టుకుని నేను మాట్లాడాలి. రెండూ కావాలి."

హెలెన్ చాలాసేపు వాదించింది. ఆఖరికి నావైపు తిరిగి, "అది కుదురుతుందా?" అంది.

కుదిరించడానికి నాకు నాలుగుసార్లు పట్టింది. అంగిలి పలక పూర్తిగా తీసేశాను. కోరపళ్ల మీద మాత్రమే తొడుక్కునే పల్చటి తొడుగులు చేశాను. రంగు ఆమె పళ్ల రంగే. పొడవు కొంచెమే, నవ్వితే గానీ కనబడవు. పలచన చేస్తుంటే మొదటివి పగిలాయి, రెండోవి జారిపోయాయి, మూడోవి పెదవి కోశాయి. నాలుగోవి పెట్టుకుని రూత్ 'సిక్స్‌టీ సిక్స్' అంది, 'ఫిఫ్టీ ఫైవ్' అంది. తర్వాత ఎవరూ అడక్కుండానే "స్టే" అంది. మూడ్లీ గారు తన బల్ల దగ్గర్నుంచి తలెత్తి చూసి మళ్లీ దించుకున్నారు. ఆయన ఎవరినైనా మెచ్చుకున్నారంటే అదే.

సామ్యూల్ మామ

చర్చిలో ఈ సంగతి పాకింది. రూత్ మేనమామ సామ్యూల్ మా సంఘ పెద్దల్లో ఒకరు. తల్లి సారమ్మ గారి కింది సెట్టు వదులైందని ఆమెని లాబ్‌కి తీసుకొచ్చి, నన్ను పక్కకి పిలిచాడు.

"బ్రదర్, ఆ పిశాచి పళ్లు నువ్వే చేస్తున్నావంట."

"అవును, నాటకానికి."

"ఏం నాటకమో తెలుసా? ఒక ఆడది ఇంకో ఆడదాన్ని..." తల్లి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ పిల్ల కాయిర్‌లో పాడుతుంది. ఈ దేశంలో ఇప్పుడు అన్నీ సరే అంటున్నారు, కొత్త రాజ్యాంగంలో రాశారంట. చర్చిలో రాయలేదు కదా. పళ్లు ఆలస్యమవుతాయని చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

సామ్యూల్ చెడ్డవాడు కాదు. నేను డర్బన్‌లో దిగినప్పుడు ఇల్లు చూసిపెట్టింది అతనే. ఆ పిల్లకి పేరు చెడుతుందని నిజంగానే భయపడ్డాడు. నేను "ఆర్డరు లాబ్‌ది, నాది కాదు" అన్నాను. అది సగం జవాబే. అతనికీ తెలిసింది. కారు సరిగా పెట్టి వస్తానని బయటికి వెళ్లాడు.

సారమ్మ గారు నన్ను పిలిచింది. ఆమె తెలుగు ముక్కలు ముక్కలుగా ఉండేది, కానీ ఆ ముక్కలు గట్టివి.

"ఏటంట?"

"రూత్ నాటకం గురించి, అవ్వా. ఈ పళ్ల గురించి."

"ఏటి పళ్లు? సూపించు."

తొడుగులు ఆమె అరచేతిలో పెట్టాను. కళ్లకి దగ్గరగా తెచ్చుకుని చూసింది.

"ఇంతేనా? మా నాయన సెప్పే రాకాసికి సేటంత పళ్లు." తిరిగి ఇచ్చేసింది. "దీనికి ఇంత గోల. మా పిల్ల ఏడిసిందా?"

"ఏడవలేదు."

"దానికి ఏడుపు రాదు. తిండి మానేస్తది." నా చెయ్యి పట్టుకుంది. "నాయనా, నన్ను తీసుకెళ్తావా? సామ్యూల్ తీసుకెళ్లడు."

ఆమెని తీసుకెళ్తే సామ్యూల్‌తో పడదని నాకు తెలుసు. పరాయి ఊళ్లో నాకున్న బలగమల్లా ఆ చర్చే. అయినా తొంభైకి దగ్గరవుతున్న మనిషి అడిగితే ఎలా కాదనను? తీసుకెళ్తానన్నాను.

ఆషర్‌విల్ హాల్లో

శనివారం సాయంత్రం డర్బన్‌లోనే, ఆషర్‌విల్‌లోని ఒక హాల్లో ఆడారు. నేను, మా ఆవిడ, సారమ్మ గారు మూడో వరుసలో కూర్చున్నాం. నోమ్సా మా వెనకే ఉంది. సారమ్మ గారికి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది, మాట్లాడాలంటే విసుగు.

ప్రేమ ఘట్టం వచ్చింది. రూత్ "స్టే" అంది. మాట ఆఖరి వరుస దాకా శుభ్రంగా వెళ్లింది. ఎవరూ నవ్వలేదు. నేను కోరల కోసం చూడటం మరిచిపోయాను. అవి ఉన్నాయని, ఆమె తల తిప్పి నవ్వినప్పుడు గానీ గుర్తురాలేదు.  అప్పుడు ఆ అమ్మాయి మీద ప్రేమా, ఆమె అంటే భయమూ ఒక్కసారే కలిగాయి. అంతకు ముందు ఏ క్యాసెట్లోనూ నాకు అలా కాలేదు.

ఆఖరి ఘట్టంలో తండ్రి, డాక్టరు, పాస్టరు మేకు పట్టుకుని వస్తారు. పగటిపూట ఆ పిశాచి ఎక్కడ పడుకుంటుందో ఈడిత్‌ని అడుగుతారు. హెలెన్ రాసిన ప్రకారం ఈడిత్ ఏడుస్తూ మిల్లు వెనక గిడ్డంగి వైపు వేలు చూపిస్తుంది.

"ఎక్కడుంది? చెప్పు," అన్నాడు తండ్రి వేషం వేసినాయన.

ఈడిత్ వేషంలో ఉన్న అమ్మాయి చెయ్యి ఎత్తబోయింది. అప్పుడు నా పక్కన సారమ్మ గారు, పొయ్యి దగ్గర పిల్లని మందలించినట్టు, మామూలు గొంతుతో అంది:

"సెప్పకే పిల్లా. సెప్పకు."

హాల్లో తెలుగు తెలిసినవాళ్లు ఏ పదిమందో. కొందరు నవ్వబోయి ఆగిపోయారు. స్టేజి మీద ఈడిత్‌కి ఆ మాటలు అర్థం కాలేదు, కానీ చెయ్యి సగంలో ఆగిపోయింది. తెర పక్కన చీకట్లో నిలబడి ఉన్న రూత్‌కి అర్థమైంది. ముఖం రెండు చేతులతో కప్పుకోవడం నా కుర్చీలోంచి కనబడింది.

తర్వాత ఈడిత్ వేలు చూపించింది. రాసిన ప్రకారమే మేకు దిగింది. సారమ్మ గారు చప్పట్లు కొట్టలేదు.

అయిపోయాక హెలెన్ నా దగ్గరికి వచ్చి ఆవిడ ఏమందని అడిగింది. చెప్పాను. హెలెన్ కుర్చీలో కూలబడి, "ఎన్నో పుస్తకాలు చదివాను, నాకా ముక్క తట్టలేదు," అంది. తర్వాతి ప్రదర్శనకి ముగింపు మార్చేసింది. ఈడిత్ చెప్పదు. మగవాళ్లు మేకు పట్టుకుని ఎదురుచూస్తూ ఉండగా దీపాలు ఆరిపోతాయి.

ఆ రోజు రూత్ వేషం తీయకుండానే పరిగెత్తుకొచ్చి అవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అవ్వ మనవరాలి గడ్డం పట్టుకుని, "సిక్కిపోయావు," అంది. 

తెర మీదికి వచ్చేసరికి

దీంతో లోకం మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నాటకం నాలుగు ఊళ్లలో ఆడి ఆగిపోయింది. రూత్‌ని కాయిర్‌లో పాడొద్దన్నారు. ఆమె కొన్ని వారాలు వెనక వరుసలో కూర్చుని, తర్వాత రావడం మానేసింది. సామ్యూల్ నాతో మళ్లీ మామూలుగా మాట్లాడటానికి ఏళ్లు పట్టింది.

తర్వాత ఒక టీవీ నిర్మాత ఆ నాటకాన్ని తెరకెక్కిస్తానని వచ్చాడు. రూత్ బదులు ఒక మోడల్‌ని పెట్టుకున్నాడు. కోరలు పొడుగ్గా, తళతళలాడాలన్నాడు. పాత ముగింపు బాగుందని మేకు తిరిగి తెచ్చాడు. మాటలు తర్వాత వేరే గొంతుతో రికార్డు చేస్తాం, మీ పరీక్షలు అక్కర్లేదన్నాడు. చేసి ఇచ్చాను. అది పని. కానీ పుస్తకాల్లో ఉన్న మాటలు సినిమాల్లో పోవడం, స్టేజి మీద తిరిగి రావడం, టీవీలో మళ్లీ పోవడం నా బల్ల మీదే చూశాను. కాలం గడిస్తే అన్నీ వాటంతటవే బాగుపడతాయని నమ్మేవాళ్లతో నేనందుకే వాదిస్తాను. ప్రతిసారీ ఎవరో ఒకరు పట్టుబట్టాలి.

ఇప్పుడు మా మనవరాలు చూసే సీరియళ్లలో ఇద్దరు రక్తపిశాచి అమ్మాయిలు కలిసి కాపురం చేస్తూ, గిన్నెలు ఎవరు తోమాలని పోట్లాడుకుంటారు. ఎవరూ చంపరు. కొన్ని బాగుంటాయి. కొన్నింటిలో కోరలు అలంకారం, ఆకలి లేదు. రూత్ చూస్తే ఒప్పుకోదనుకుంటాను.

నాటకం ఆగిపోయిన కొన్నాళ్లకు రూత్ డర్బన్‌కి దక్షిణంగా ఉన్న ఉమ్‌కోమాస్‌లో ఒక స్కూల్లో నాటకం నేర్పే టీచరుగా కుదిరింది. నోమ్సా అక్కడి క్లినిక్‌కి మారింది. సారమ్మ గారు మంచాన పడ్డాక కొడుకు దగ్గర ఉండనని పట్టుబట్టి వాళ్లింటికి వెళ్లింది. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు, కాకినాడ వైపు కుర్రాడు, ఆమె కోసం ప్రార్థన చేయాలంటే నేనే కారులో తీసుకెళ్లాను. చెరకు తోటల మధ్య రోడ్డు, కాగితపు మిల్లు వాసన దాటితే వాళ్ల ఇల్లు.

మేం వెళ్లేసరికి నోమ్సా అవ్వని లేపి కూర్చోబెట్టి చెంచాతో గంజి పోస్తోంది. రూత్ వీపు వెనక దిండు సర్దుతోంది. పాస్టరు కుర్చీ లాక్కుని కూర్చుని తెలుగులో, "అవ్వా, మీవాళ్లెవరో చెప్పండి, పేరు పేరునా ప్రార్థన చేస్తాను," అన్నాడు.

సారమ్మ గారు మూతి తుడిపించుకుని చెయ్యి చాపింది. "ఇది మా రూత్." తర్వాత నోమ్సా వైపు చూసి మాట కోసం వెతుక్కుంది. ఆమెకి మిగిలిన తెలుగులో ఎక్కువగా ఉన్నవి వరసలే. అక్క, పిన్ని, వదిన, కోడలు, అన్నీ ఉన్నాయి. వాటిలో ఏదీ తీసుకోలేదు.

"ఇది రూత్‌ది," అంది.

పాస్టరు నావైపు చూశాడు. "ఆమె పేరు నోమ్సా," అన్నాను. అతను తలవంచి, ఇద్దరి పేర్లూ పలికి ప్రార్థన మొదలుపెట్టాడు.